సర్ విలియం గోవర్సు జీవితము: కానరాని నొప్పినిగూర్చి బోధించిన వైద్యుడు

మా ఇబ్రహీంపట్నమునందును, చుట్టుపట్లనున్న మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల ప్రాంతములందును ఏ వాడకు బోయినను స్త్రీలు గద్దెలమీద కూర్చుండి, చాట నొడిలో నుంచుకొని బీడీలు చుట్టుచుండుట కానవచ్చును. తునికాకును తడిపి, కత్తెరతో కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, కొన మడిచి దారము కట్టుపని ప్రొద్దుననగా మొదలై దీపములు పెట్టువరకును సాగును. తల వంగియే యుండును. వ్రేళ్లు మాత్ర మాడుచుండును. సిరిసిల్లలో సాంచెలయొద్ద నిలుచువారి పని వేరు, పసుపుచేలలో కొమ్ములు త్రవ్వువారి పని వేరు. అయినను సాయంకాలమున ఇంటికి వచ్చి చెప్పుకొను మాట యొక్కటియే: ఒళ్లంతయు నొప్పులని.

వీరిలో పెక్కుమందికి ఒకరాత్రి విశ్రాంతితో నొప్పి తగ్గును. కొందరికి తగ్గదు. నెలలు గడచినను మెడ, భుజములు, నడుము, తొడలు నొచ్చుచునే యుండును. రాత్రి నిద్రించినను ఉదయమున నిద్రపోనివారివలెనే లేతురు. చేతిలోని వస్తువు నెచ్చట పెట్టిరో మరచిపోదురు. అట్టివారిని పట్టణమునకు గొనిపోయి రక్తము పరీక్షింపజేసి, ఎక్స్‌రే తీయింపగా, కాగితములలో దోషమేమియు నుండదు. అప్పుడు ఇంటివారి మనస్సున ననుమానము పుట్టును. ఇది పని తప్పించుకొనుటకు సాకేమో యని. మేమును మా యిండ్లలో నట్లు తలచిన దినములు కలవు. ఆ సంగతి దాచి యీ వ్యాసము వ్రాయుట న్యాయము కాదని తలచి మొదటనే చెప్పుచున్నాము.

ఇట్టి వ్యాధికి నేటి వైద్యశాస్త్రము ఫైబ్రోమయాల్జియా యని పేరుపెట్టినది. ప్రపంచమున నూటికి ఇద్దరు మొదలు నలుగురివరకు దీనిచే బాధపడుచున్నారని లెక్క వేయుదురు. వారిలో స్త్రీలే యధికులు. బీడీలు చుట్టువారి నొప్పులన్నియు నిదియే యని మా యభిప్రాయము కాదు. వంగి కూర్చుండుటచే వచ్చు నొప్పి వేరు, రక్తహీనతచే వచ్చు నీరసము వేరు, థైరాయిడు గ్రంథి లోపముచే వచ్చు మాంద్యము వేరు. వానిని వేరుచేసి తెలిసికొనుటయే వైద్యవిద్యార్థి నేర్వవలసిన కష్టమైన పాఠము. ఆ పాఠమును ఒకానొక దినమున లండను నగరమున చెప్పి, దానికొక పేరుపెట్టి, ఆ పేరులో పొరబడిన మహావైద్యుని కథ మా విద్యార్థులును వారి తల్లిదండ్రులును తెలిసికొనదగినదని యీ సంవత్సరము సర్ విలియం రిచర్డ్ గోవర్సు జీవితమును వ్రాయబూనితిమి.

గోవర్సు 1845వ సంవత్సరము మార్చి 20వ తేదీన లండనులోని హాక్నీ యను పేటయందు జన్మించెను. తండ్రి స్త్రీలకు పాదరక్షలు కుట్టి యమ్ముకొను వర్తకుడు. ఆ యింట పుట్టిన బిడ్డలలో ఈతడొక్కడే దక్కెను. ఈతనికి పదునొకండేండ్ల ప్రాయమున తండ్రియు చనిపోయెను. బాలుడు ఆక్స్‌ఫర్డునందలి బంధువులయొద్ద నుండి, అచ్చటి క్రైస్టుచర్చి పాఠశాలలో చదువుకొనెను. చదువు ముగిసినపిదప బంధువులు వ్యవసాయము నేర్చుకొమ్మనిరి. అది యాతనికి పట్టుబడలేదు. కడకు పదునారవయేట, 1861లో, ఎసెక్సు సీమలోని కాగ్గెషాల్ అను చిన్నయూరిలో వైద్యము చేయుచుండిన థామస్ సింప్సన్ అను వైద్యునియొద్ద శిష్యుడుగా కుదిరెను.

ఆ కాలమున వైద్యవిద్యకు మొదటిమెట్టు అదియే. మన గ్రామములలో చాకలి, మంగలి, కమ్మరి తమ పని తండ్రియొద్ద నేర్చుకొనునట్లు, అచ్చటి యువకులు గ్రామవైద్యుని యింట నుండి మందులు కలుపుచు, రోగుల యిండ్లకు వెంటబోవుచు పని నేర్చెడివారు. గోవర్సు అచ్చట నేర్చినది మందులు కలుపుట మాత్రమే కాదు. పిట్మన్ అను నాతడు కల్పించిన సంక్షిప్తలిపిని, అనగా మనవారు షార్ట్‌హ్యాండు అనుదానిని, ఆ చిన్నవయస్సుననే యభ్యసించి, తన దినచర్యనంతయు నా లిపిలోనే వ్రాసికొనుచుండెను. ఈ యలవాటు జీవితాంతము విడువలేదు. దానిని గూర్చి ముందు మరల చెప్పవలసియున్నది.

పిదప లండనులోని యూనివర్సిటీ కాలేజీలో జేరి వైద్యము చదివెను. ధనమునకు కొరతయుండుటచే, విక్టోరియా రాణికి వైద్యుడైన సర్ విలియం జెన్నరునకు లేఖకుడుగా పనిచేయుచు చదువు సాగించెను. 1870వ సంవత్సరమున వైద్యమునందు యం.డి. పట్టము నొందెను. ఆ యేడే క్వీన్ స్క్వేరునందలి జాతీయ వైద్యశాలలో రిజిస్ట్రారు ఉద్యోగము లభించెను. ఈ వైద్యశాల 1859లో స్థాపింపబడినది. పక్షవాతరోగులకును, మూర్ఛరోగులకును ప్రత్యేకముగా నేర్పడినది. అంతవరకు అట్టివారిని సామాన్యవైద్యశాలలు చేర్చుకొనుటకు వెనుదీయుచుండెను. రెండేండ్లకు యూనివర్సిటీ కాలేజీ వైద్యశాలలో సహాయవైద్యుడై, తరువాత ఆచార్యుడును అయ్యెను. 1875లో మేరీ బెయిన్స్ అను నామెను వివాహమాడెను. వారికి ఇద్దరు కుమారులు, ఇద్దరు కుమార్తెలు. కుమారులలో నొకడు యుగాండా దేశమునకు గవర్నరు అయ్యెను. రెండవవాడగు ఎర్నెస్టు గోవర్సు, ప్రభుత్వోద్యోగులు ఆంగ్లమును తేటగా వ్రాయుటెట్లో నేర్పు గ్రంథము రచించి ప్రసిద్ధుడయ్యెను. తండ్రి వ్యాధులను తేటగా వర్ణించినవాడగుటచే, కుమారునికి ఆ గుణము ఇంటిసొత్తుగనే వచ్చినదని మాకు తోచుచున్నది.

గోవర్సునకు రెండు కన్నులు చాలవని చెప్పవచ్చును. ఏది చూచినను కొలువవలెను, చిత్రింపవలెను. రోగి పాలిపోయియున్నాడని వైద్యులందరు చెప్పుచుండగా, ఎంతపాలు పాలిపోయెనో తెలియుటెట్లని విచారించి, 1878లో రక్తములోని హీమోగ్లోబిను కొలుచు చిన్న యుపకరణమును కల్పించెను. వ్రేలినుండి తీసిన కొలది రక్తమును గాజుగొట్టములో నీటితో పలుచన చేసి, ఆ రంగును వేరొక ప్రమాణపు రంగుతో పోల్చుటయే దాని పద్ధతి. దానిని తరువాత సాహ్లి యను స్విట్జర్లండు వైద్యుడు మెరుగుపరచెను. మన దేశములోని వైద్యశాలలలో సాహ్లి గొట్టము చాలకాలము వాడుకలోనుండెను. మా గ్రామపు ముసలివారిలో కొందరైనను ఆ గొట్టములో తమ రక్తము రంగు చూచినవారై యుందురు. 1879లో కంటిలోపలి భాగమును చూచు యంత్రముచే నాడీరోగముల నెట్లు గుర్తింపవచ్చునో తెలుపుచు ఒక గ్రంథము రచించి, దానిలోని చిత్రములను తానే గీచెను. ఈయన చెక్కిన చిత్రము రాయల్ అకాడమీవారి ప్రదర్శనమునందు కూడ నుంచబడెను.

అయినను ఈయన బోధనావిధానమును తెలిసికొనుటకు ఆ యంత్రములకన్న వేరొక సంగతి ముఖ్యము. 1879లోనే ఈయన కండరములు క్షీణించు ఒకవిధమైన వ్యాధిని గూర్చి బోధించెను. ఆ వ్యాధి మగపిల్లలకు వచ్చును. పిక్కలు లావెక్కి బలిసినట్లు కనబడును, కాని బలముండదు. అట్టి బాలుని నేలమీద కూర్చుండబెట్టి, లెమ్మని చెప్పి, ఏమి చేయునో చూడవలెనని గోవర్సు శిష్యులకు నేర్పెను. బాలుడు మొదట బోర్లకు తిరిగి, చేతులు కాళ్లు నేల కానించి, పిమ్మట చేతులను మోకాళ్లమీదికిని, తొడలమీదికిని ఒకదానివెంట నొకటి తెచ్చుకొనుచు, తన శరీరముమీద తానే యెక్కుచున్నట్లు పైకి లేచును. దీనికి యంత్రము లేదు, ఖర్చు లేదు. చాప యొకటి యుండిన చాలును. నేటికిని ప్రపంచమందలి వైద్యవిద్యార్థులందరు ఈ గుర్తును గోవర్సు పేరుతోనే నేర్చుకొనుచున్నారు.

1886, 1888 సంవత్సరములలో రెండు సంపుటములుగా వెలువడిన ఈయన నాడీమండల వ్యాధుల గ్రంథము ఆ శాస్త్రమునకు మూలగ్రంథముగా చాలకాలము నిలిచెను. అందులో చేతిపనివలన కలుగు బాధలకు కూడ నొక యధ్యాయము కలదు. గుమాస్తాలకు వ్రాసి వ్రాసి చేయి కొంకరపోవుట, తంతివార్తలు పంపువారి చేయి పట్టుకొనిపోవుట మున్నగువానిని అందు వర్ణించెను. కలమును వ్రేళ్లతో మాత్రమే నడపువానికి ఈ బాధ వచ్చుననియు, భుజమునుండి చేయినంతటిని కదల్చి వ్రాయువానికి రాదనియు ఈయన గమనించెను. పనివాని నొప్పిని తెలిసికొనుటకు వాని పనిని చూడవలెనను నీ పద్ధతి మాకు మిక్కిలి నచ్చినది. మన బీడీచాటల యొద్ద ఈయన కూర్చుండియుండినచో వ్రేళ్లను, మెడను ఎట్లు చిత్రించియుండెడివాడో గదా.

1887లో జరిగిన యొక సంగతి ఈయనకు గొప్పకీర్తి తెచ్చెను. నలువది రెండేండ్ల ప్రాయముగల సైనికోద్యోగి యొకడు ఎడమవైపు రెక్కయెముకక్రింద తీవ్రమైన నొప్పితో 1884 నుండి బాధపడుచుండెను. ఎందరో వైద్యులకు చూపించుకొనెను, ఎన్నియో చికిత్సలు పొందెను. ఒక్కొక్కరొక్కొక కారణము చెప్పిరి. కడకు కాళ్లు పడిపోవ నారంభించెను. ఆ యేడు జూను మాసమున గోవర్సు అతనిని పరీక్షించి, వెన్నుపామును గడ్డ యొకటి నొక్కుచున్నదని నిశ్చయించి, అది యెచ్చట నుండునో కూడ చెప్పెను. విక్టర్ హార్స్‌లీ యను శస్త్రవైద్యుడు ఆ చోట వెన్నెముకను తెరచి చూడగా మొదట గడ్డ కానరాలేదు. వెనుదీయక మరికొంత పైకి తెరచిరి. బాదముగింజయంత గడ్డ కనబడెను. దానిని తీసివేయగా, ఆ మనుజుడు ఏడాది తిరుగకముందే చక్కగా నడువగలిగెను. వెన్నుపాము గడ్డను ఈ రీతిగా గుర్తించి, విజయవంతముగా తీయుట అదియే మొదలు. ఆ సంవత్సరముననే గోవర్సు రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. 1897లో సర్ బిరుదము వచ్చెను.

ఈ గొప్పకార్యమే తరువాతి పొరపాటునకు కొంత కారణమని మా యూహ. మూడేండ్లు ఎవరును కనుగొనలేని నొప్పి. తెరచి చూడగా గడ్డ. నొప్పి యున్నచోట కంటికి కానవచ్చు కారణ ముండితీరునని నమ్ముటకు ఇంతకన్న నేమి కావలెను?

ఇంక 1904వ సంవత్సరపు సంగతి. అప్పటికి గోవర్సునకు ఏబది యెనిమిదేండ్లు. జాతీయ వైద్యశాలలో విద్యనభ్యసించుటకు వచ్చినవారి యెదుట నడుమునొప్పిని గూర్చి యొక యుపన్యాస మిచ్చెను. అది జనవరి 16వ తేదీ బ్రిటిష్ వైద్యపత్రికలో ప్రకటింపబడెను. పక్షవాతములును, మూర్ఛలును, మెదడుగడ్డలును చూచుటకు దూరదేశములనుండి వచ్చిన శ్రోతలకు, అంత పేరుపొందిన యాచార్యుడు నడుము పట్టుటను గూర్చి చెప్పుట వింతగా తోచియుండవచ్చును. అది యెవరికి తెలియనిది? బరువెత్తినవానికి, చలిగాలిలో తిరిగినవానికి వచ్చునది. తైలము రాచి, వేడి కాపుపెట్టి, వాతమని చెప్పి పంపివేయుట అచ్చటి వాడుకయు, ఇచ్చటి వాడుకయు.

గోవర్సు దాని నట్లు వదలలేదు. నడుమునొప్పి యొంటరి వ్యాధి కాదనియు, మెడపట్టు, భుజపునొప్పి, చేతినొప్పి మున్నగునవి దాని తోబుట్టువులేయనియు వివరించెను. కండరము ముడుచుకొన్నప్పుడును, సాగినప్పుడును నొప్పి హెచ్చుట, వ్రేలితో నొక్కిన సహింపలేకపోవుట, శ్రమచేతను చలిచేతను పెరుగుట, నిద్రకు భంగము కలుగుట, అలసట విడువకుండుట, ఇవన్నియు గమనింపదగినవని చూపెను. ఈ బాధలో చీము పట్టదు, జ్వరముండదు, పైకి వాపు కనబడదు. అట్లయినను ఇది నిజమైన బాధయే యని, దాని వివరములను మూర్ఛరోగ వివరముల నడిగినంత శ్రద్ధతో అడిగి వ్రాసికొనవలెనని, ఆ యుపన్యాసము నడచిన తీరువలన మేము గ్రహించుచున్నాము. అందులో నొక్క హాస్యము లేదు, రోగిని తేలికచేయు మాట యొక్కటి లేదు.

కాని పేరు కావలసి వచ్చెను. నడుమునొప్పిచే నెవరును చావరు గనుక, కోసి చూచిన శరీరములు లేవు. సూక్ష్మదర్శినిక్రింద పెట్టుటకు తునుక లేదు. గోవర్సు తర్కమును ఆశ్రయించెను. కండరములలోని నారపొరలు వాచుటయే ఈ నొప్పికి కారణమై యుండునని తలచి, చర్మముక్రింది పొరల వాపునకు సెల్యులైటిస్ అను పేరున్నట్లే, దీనికి ఫైబ్రోసైటిస్ అను పేరు కల్పించెను. వైద్యభాషలో ఐటిస్ అని కడపటనున్నచో వాపు అనియే యర్థము. చూడని వాపునకు పేరు పెట్టుట, కొలుచుటయందును చిత్రించుటయందును అంతటి పట్టుదలగల యీయనకు తగదని మేమందుము. ఆయన తన యూహను ఊహగనే చెప్పెననుట న్యాయము. అయినను ఒకసారి పేరు పుట్టినపిదప, అది యూహయని యెవరికి జ్ఞాపకముండును?

అదే సంవత్సరము గ్లాస్గో నగరమందలి స్టాక్‌మన్ అను ఆచార్యుడు ఇట్టి రోగుల కండరములలో దొరకిన గట్టి ముడులను తీసి చూచి, వానిలో వాపు కనుగొంటినని ప్రకటించెను. అంతట సందేహము తీరినట్లయ్యెను. తరువాత పెక్కురు తునుకలు తీసి చూచిరి. అట్టి వాపు వారికి కానరాలేదు. అయినను పేరు మాత్రము పాఠ్యగ్రంథముల కెక్కెను.

గోవర్సు చివరి సంవత్సరములు సుఖముగా గడువలేదు. అధికశ్రమచే ఆరోగ్యము చెడెను. ఈయన స్వభావమునందు కొంత కాఠిన్యము, తొందరపాటు ఉండెననియు, శిష్యులు భయపడుచుండిరనియు తెలియుచున్నది. అందుచే మా విద్యార్థులు మహావైద్యులందరును మృదుభాషులని తలపవలదు. ఈయనకు రెండు వినోదములుండెను. ఒకటి నాచుమొక్కలను, పాతదేవాలయముల కట్టడములను పరిశీలించుట. రెండవది సంక్షిప్తలిపి. 1894లో ఆ లిపి నెరిగిన వైద్యుల సంఘము నొకదానిని స్థాపించి, దానికి అధ్యక్షుడై, ఆ లిపిలోనే యచ్చువేసిన వైద్యపత్రికను నడిపించెను. వైద్యవిద్యార్థులందరు దానిని నేర్వవలెనని ఈయన పట్టుపట్టెడివాడు. కొందరు దీనిని పిచ్చియని నవ్విరి. కాని కారణము పిచ్చి కాదు. రోగి చెప్పునది చెప్పినట్లు, చెప్పినంతసేపు, వాని మాటలలోనే వ్రాసికొనవలెనన్న సామాన్యమైన వ్రాత చాలదు, చేయి వెనుకబడును. అప్పుడు వైద్యుడు రోగిమాటను విడిచి తన మాట వ్రాసికొనును.

1913లో భార్య మరణించెను. 1915వ సంవత్సరము మే 4వ తేదీన గోవర్సు లండనులో కన్నుమూసెను. ఆ యేడే ఫైబ్రోసైటిస్ అను శీర్షికతో నొక పెద్ద గ్రంథము ఆ నగరముననే వెలువడెను.

పేరు మనుష్యునికన్న చాలకాలము బ్రదికెను. అది మంచికో చెడ్డకో యొక్కమాటలో చెప్పజాలము. పేరుండుటచే రోగికి వైద్యశాలలో నొక చోటు దొరకెను; కాగితముపై వ్రాయుటకు వైద్యునికొక మాట దొరకెను. ఆ మాట లేనియెడల వెడలగొట్టబడెడివారు వేలు. మరియొకవైపున, లేని వాపునకై మందు లిచ్చుచు, అవి పనిచేయకపోగా, తప్పు పేరుదని తెలియక రోగిదని వైద్యులు తలచిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఈ నొప్పులతో వచ్చిన సైనికులను పరీక్షించి, 1943లో కొందరు వైద్యులు ఇది మనోజన్యమైన వాతమని వ్రాసిరి. వాపు కనబడలేదు గనుక నొప్పి మనస్సులోనిదని వారి తర్కము. గోవర్సు వాపును ఊహించి నొప్పిని నిలిపెను. వారు వాపు లేదని కనుగొని నొప్పినే కాదనిరి. నొప్పియు నిజమే, వాపును లేదు అను మూడవ మార్గము ఇరువురకును తోచలేదు.

ఆ మార్గమునకు మొదటి యడుగు గోవర్సు బోధించిన యూనివర్సిటీ కాలేజీ వైద్యశాలలోనే పడుట వింత. అచ్చట కెల్‌గ్రెన్ అను యువవైద్యుడు ఉప్పునీటిని తన కండరములలోనికి, తనతోడివారి కండరములలోనికి సూదితో నెక్కించి, నొప్పి యెచ్చట తోచుచున్నదో గుర్తించి, 1938లో ప్రకటించెను. సూది యొకచోట, నొప్పి వేరొకచోట. అనగా నొప్పి తోచినచోటనే దోషముండవలెనను నియమము లేదు. 1975లో టొరాంటో నగరమున మోల్డోఫ్‌స్కీ, స్మైత్ మొదలగువారు ఆరోగ్యవంతులగు యువకులకు గాఢనిద్ర పట్టనీయక కొన్ని రాత్రులు కలతపెట్టగా, వారికిని ఒళ్లునొప్పులును, నొక్కినచోట బాధయును కలిగెను. గోవర్సు తన రోగులలో గుర్తించిన నిద్రాభంగము ఇట్లు డెబ్బదియొక్క యేండ్లకు మరల పరీక్షకు వచ్చెను. మరుసటి యేడు హెంచ్ అను అమెరికా వైద్యుడు వాపు అనెడి యర్థమును తీసివేసి, నారలు, కండరములు, నొప్పి అను మూడర్థములు మాత్రముండునట్లు ఫైబ్రోమయాల్జియా యను పేరును వాడెను.

1990లో అమెరికా వాతరోగవైద్యుల సంఘమువారు దేహముమీద పదునెనిమిది చోట్లు నిర్ణయించి, నాలుగు కిలోల యొత్తిడితో బొటనవ్రేలిచే నొక్కగా వానిలో పదునొకొండింట నొప్పియున్నచో ఈ వ్యాధి యని నియమించిరి. వైద్యవిద్యార్థులు చాలకాలము దీనినే కంఠస్థము చేసిరి. కాని నేడు నొచ్చినచోటు రేపు నొవ్వకపోవచ్చును, ఒకని వ్రేలి బలము మరియొకనికి రాదు. అందుచే 2010లో ఆ లెక్క మాని, నొప్పి యెన్ని చోట్ల నున్నది, నిద్ర యెట్లున్నది, అలసట యెంత, జ్ఞాపకశక్తి యెట్లున్నది యను ప్రశ్నలనే ముఖ్యము చేసిరి. మూడునెలలు గడచియుండవలెననుట మరియొక నియమము. చూడగా ఇది గోవర్సు పద్ధతికే, అనగా అడిగి వినుటకే, మరల వచ్చినట్లున్నది.

2002లో జరిగిన పరీక్ష యొకటి మా విద్యార్థులకు చెప్పదగినది. పదునార్గురు రోగులను, పదునార్గురు ఆరోగ్యవంతులను తెచ్చి, వారి బొటనవ్రేలి గోటిపై సమానమైన యొత్తిడి కలిగించి, ఆ సమయమున మెదడును అయస్కాంత యంత్రముచే చిత్రించిరి. ఒత్తిడి యొక్కటియే యైనను రోగుల మెదడులలో నొప్పికి సంబంధించిన భాగము లధికముగా మేల్కొనెను. ఆరోగ్యవంతులలో అంత మార్పు రావలెనన్న ఒత్తిడిని చాల పెంచవలసి వచ్చెను. అందుచే కండరము సరిగనే యున్నది. వార్తను తెచ్చు నాడులును, దానిని గ్రహించు మెదడును స్వరము హెచ్చించి వినుచున్నవి. మనవారి భాషలో చెప్పవలెనన్న, గుడిలో మైకు స్వరము తగ్గించువాడు లేక, మెల్లగా చదివిన మంత్రము కూడ ఊరంతయు గింగిరుమన్నట్లున్నది.

చికిత్సనుగూర్చి విస్తరించుట ఈ వ్యాసమున కవసరము లేదు. మెల్లమెల్లగా పెంచుచు పోవు నడక, వ్యాయామము, నిద్రను సరిచేయుట, అవసరమైనచో నాడులపై పనిచేయు కొన్ని మందులు, వీనిచే పెక్కురు మేలు పొందుచున్నారు. పూర్తిగ మాన్పు మందు లేదు. నొప్పిబిళ్లలను అంగడిలో కొని దినదినము మ్రింగుటచే ఈ వ్యాధికి ఫలము స్వల్పము, కడుపునకును మూత్రపిండములకును హాని యధికము. తల్లులు ఈ మాటను గమనింప గోరుచున్నాము.

2022వ సంవత్సరము జనవరి మొదలు అమలునకు వచ్చిన ప్రపంచ ఆరోగ్యసంస్థవారి రోగముల పట్టికలో, వేరొక కారణము కానరాకున్నను దీర్ఘకాలము నిలిచిన నొప్పినే యొక వ్యాధిగా నంగీకరించి, దానికి ప్రత్యేకమైన చోటిచ్చిరి. ఫైబ్రోమయాల్జియా అందులో జేరినది. ఆ యేడే జగిత్యాలలో ప్రభుత్వ వైద్యకళాశాల తెరువబడెను. మరుసటి యేడు సిరిసిల్లలోను నొకటి వచ్చెను. ఇదివరకు వైద్యము చదువుటకు దూరపు పట్టణములకు పోవలసిన మా ప్రాంతపు పిల్లలు ఇప్పుడు బస్సులో కళాశాలకు పోయి రాగలరు. వారి తల్లులలో పలువురు బీడీలు చుట్టి ఫీజులు కట్టినవారే. ఆ పిల్లలకు గోవర్సు పేరు మొదట నేలనుండి ప్రాకుచు లేచు బాలుని పాఠములో దొరకును. నడుమునొప్పిని గూర్చిన యుపన్యాసమును వారు తామే వెదకి చదువుకొనవలసియుండును.